రాయచ్చు అన్న మాట

ముప్పై ఏండ్లు డిగ్రీ పిల్లలకు రాజ్యాంగం చెప్పిన. ఉద్యమం రోజులల్ల మూడో అధికరణం చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. పొద్దున జగిత్యాలల క్లాసు, పగటిపూట కోరుట్ల దీక్ష టెంటుల ఉపన్యాసం, ఐతారం సిరిసిల్లల. ఎక్కడికి పోయినా ఒక్కటే అడుగుడు, "తెలంగాణ అస్తదా సార్?" గా అధికరణంల పార్లమెంటు కొత్త రాష్ట్రం ఏర్పాటు 'చేయవచ్చును' అని ఉన్నదే గని, 'చేయవలెను' అని లేదు. గట్లంటే టెంటుల చప్పట్లు పడయి. అందుకే అస్తది అని చెప్పి బస్సెక్కేటోన్ని.

క్లాసుల మాత్రం ఉన్నదున్నట్టు చెప్పిన. 'వచ్చు' అన్న కాడ బలవంతం లేదు, 'వలెను' అంటే తప్పిచ్చుకునేతందుకు లేదు. ముందు బెంచీల ఒక పిల్ల గా రెండు మాటల కింద గీత గీసుకున్నది. సిరిసిల్లల మరమగ్గాల సాంచాలు నడిపే కార్మికుని బిడ్డ, ఆఖరు సంవత్సరం. లా చదివి వకీలైతనంటుండె. వాళ్ల అయ్య మాత్రం తెగేసి చెప్పిండట, ఈ ఏడు పాసైతే చదువు, లేకుంటే మీ అమ్మ పక్కన కూసోని బీడీలు చెయ్యమని.

గంతల పరీక్షలు బహిష్కరించున్రని పిలుపొచ్చింది. వరండల గా పిల్ల నన్ను ఆపింది.

"సార్, అందరు రాయద్దంటున్నరు. నేను రాయాల్నా?"

రాయి బిడ్డా అనాలె. గంతే. కని పక్కనే నలుగురు ఉద్యమం పిల్లలు నిలబడ్డరు. రాయమంటే రేపు నన్నే ద్రోహి అంటరు. పైంగ కోరుట్ల బస్సుకు టైమైతుంది. పానం అలిసి ఉన్నది.

"రాయచ్చు" అని చెప్పి నడిచిన.

పరీక్ష నాడు ఆ హాలుకు డ్యూటీ నాదే. అర్ధగంట దాకా దర్వాజ దిక్కే చూసిన. రాలే. ఎర్ర పెన్నుతోని ఆమె నంబరు కాడ ఆబ్సెంటు నేనే రాసిన.

నెల రోజులకు సిరిసిల్ల టెంటుల వాళ్ల అయ్య కలిసిండు. తిడుతడనుకున్న. తిడితే బాగుండు. కుర్సీ ఏసి చాయ్ తెప్పిచ్చిండు.

"మా బిడ్డ పరీక్ష రాయలే సార్. ఇప్పుడు బీడీలు చేస్తుంది. ఏమైందే అంటే, మా సార్ రాయచ్చు అన్నడు, రాయాలె అనలేదు అన్నది. పాఠం చెప్పే సారై ఉండి రాయద్దని నోరు తెరిచి చెప్పలేడు గద, నేనే సమజ్ చేసుకున్న అన్నది. మా సార్ ఊకెనే ఒక్క మాట గూడ అనడట."

ఆయన మొఖంల కోపం లేదు, గర్వం ఉన్నది. భయపడి గట్ల అన్న అని ఆయనకు చెప్పాలె. మాట్లాడున్రి సార్ అని ఎవలో పిలిచిన్రు. చాయ్ పక్కన పెట్టి, లేచి మైకు పట్టుకున్న.