తెడ్డు జాయింట్‌లో ఉప్పు

రెండు ముక్కల తెడ్డుకి నూనె రాయకూడదు. ఈ మాట మా కయాక్ పడవల జట్టులో మిగతా అయిదుగురికీ ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. ఒక గొట్టం ఇంకో గొట్టంలో దూరే జాయింట్ దగ్గర జిడ్డుంటే ఇసుక పట్టేస్తుంది. మంచినీళ్లతో కడగాలి, పొడిగుడ్డతో తుడవాలి, ముక్కలు విడదీసి ఆరబెట్టాలి. అంతే. చెబితే వినరు గనుక నెలకోసారి అన్నీ మా ఇంటికే తెప్పించుకుని నేనే కడిగేదాన్ని. ఇందులో నా గొప్పేమీ లేదు, ఒట్టి చాదస్తం.

ఆదివారం ఆదివారం రాజమండ్రి రేవులో కయాక్‌లు దించేవాళ్లం. నాకు ఒకటే కోరిక ఉండేది. పుట్టినప్పటి నుంచీ గోదావరి నీళ్లే తాగాను, ధవళేశ్వరంలో ఉద్యోగం కూడా ఆ నీళ్ల ఆఫీసులోనే. అవి సముద్రంలో కలిసే చోటు మాత్రం చూడలేదు. నా చేత్తో తెడ్డు వేసుకుంటూ వెళ్లి చూడాలి. నరసాపురం నుంచి కిందికి వెళ్దామని ఏడాదిపాటు నస పెట్టి అందర్నీ ఒప్పించాను. వెళ్లేముందు వారమంతా ఆరు తెడ్లూ శుభ్రం చేశాను, జాయింట్ ఊడకుండా పట్టి ఉంచే బటన్లలో మొరాయిస్తున్నవి మార్చాను. శనివారం పొద్దున ఎవరి తెడ్డు వాళ్లు పట్టుకెళ్లారు.

సాయంత్రం మా ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసింది. గాలి ఎక్కువగా ఉందట, మర్నాటి ప్రయాణం వాయిదా అంది. దాన్ని ఈ జట్టులోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది నేనే. అది "అక్కా" అంటే సొంత చెల్లెలు పిలిచినట్టే ఉండేది.

బుధవారం అదే తన తెడ్డు పట్టుకుని ఇంటికొచ్చింది.

"ఊడట్లేదక్కా, బిగుసుకుపోయింది. కొంచెం చూద్దూ."

పైపైన తుడిచే తెచ్చింది. జాయింట్ అంచున మాత్రం తెల్లగా పేరుకుని ఉంది. వేలితో గీకి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. మా రేవు నీళ్లలో ఉప్పెక్కడిది?

నాకు కోపమొస్తే వీధంతా వినపడుతుంది. ఆ రోజు మాత్రం లోపలికెళ్లి వేడినీళ్లు తెచ్చి గొట్టం మీద పోశాను. బిగుసుకున్న తెడ్డు ఒక్కరి వల్ల ఊడదు, ఇద్దరు చెరో కొసా పట్టుకుని మెలితిప్పుతూ లాగాలి. అదో వైపు పట్టుకుంది, నేనో వైపు పట్టుకున్నాను.

"ఎవరెవరు వెళ్లారు సముద్రానికి?" అన్నాను లాగుతూనే.

దాని చేతులు ఆగిపోయాయి. తలెత్తకుండానే "అందరం" అంది.

నేనింకా గట్టిగా లాగాను. తెడ్డు ఊడొచ్చింది.

"నువ్వొస్తే ఒడ్డుకి చేరగానే కడగండి, తుడవండి అని ప్రాణం తీస్తావని... ఒక్కరోజు హాయిగా ఉందామనుకున్నాం. ఏమీ అనుకోకక్కా."

"అడిగింది నేను. వెళ్దామని ఏడాది అడిగింది నేను." నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "పోనీ, ఆ ఫోన్ నువ్వే ఎందుకు చేశావు?"

"నేను చెబితే నమ్ముతావని నాచేత చేయించారు."

నమ్మాను. ఆ సాయంత్రం ఫోన్లో దాని గొంతు వణుకుతుంటే, ప్రయాణం ఆగినందుకు ఎంత బాధపడుతోందో అనుకుని, "పోనీలేవే, వచ్చే నెల కలిసే వెళ్దాం, నిన్నొదిలి నేనెక్కడికి వెళ్తాను" అని నేనే దాన్ని ఓదార్చాను.