పెన్సిల్‌తో రాసిన పేరు

మా ఐసీయూ డ్యూటీ చార్టులో కొత్త నర్సుల పేర్లు పెన్సిల్‌తో రాయడం నా అలవాటు. మూడు నెలలు చూసి, పనికొస్తారనిపిస్తే పెన్నుతో దిద్దుతాను. లేదంటే రబ్బరుతో చెరిపి జనరల్ వార్డుకు పంపేస్తాను. హిందూపురంలోని ఈ ఆసుపత్రిలో పదహారేళ్లుగా ఇన్‌చార్జి సిస్టర్‌ని, పేరు ఏసురత్నం. రబ్బరే ఎక్కువ వాడతానని నా వెనక అనుకుంటారు. నా ముందే అనొచ్చు, నేనేమీ కాదనను.

చిలమత్తూరు నుంచి వచ్చిన కొత్త నర్సు షాహిస్తాకు ఐసీయూ అంటే ప్రాణం. వార్డుకు పోవాల్సి వస్తుందేమోనని ఒకటే బెంగ. మిషన్ కుయ్‌మంటే చాలు, హడలిపోయేది.

ఆమె మూడో నెలలో లక్ష్మీనారాయణ వచ్చాడు. ధర్మవరంలో పట్టు నూలుకు రంగులేసే మనిషి. కూతుర్ని చూడ్డానికి హిందూపురం వచ్చి, ఊపిరితిత్తులకు నిమ్ము చేరి మా మంచమెక్కాడు. ఆక్సిజన్ మాస్కు పెట్టినా నోరు మూతపడేది కాదు. ఎవరికి ఏ రంగు చీర నప్పుతుందో చెప్పడమే పని.

"నీకు వక్క రంగు బాగుంటాదమ్మా, కోపం కనపడదు," అన్నాడు నాతో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం.

వచ్చిన రోజే షాహిస్తా అతని వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. తొంభై దాటాల్సిన అంకె ఎనభై రెండు దగ్గర ఆగింది. పిల్ల పెట్టిన కేకకు కింద ఓపీలో ఉన్న డాక్టర్ ఉదయ్ కుమార్ రొప్పుకుంటూ వచ్చాడు.

"ఏమబ్బా, ఎవరికేమైంది?" అన్నాడు లక్ష్మీనారాయణ తాపీగా.

నేను అతని వేళ్లు చూశాను. నలభై ఏళ్ల రంగు ఇంకిపోయి, గోళ్లతో సహా నెమలికంఠం రంగులో ఉన్నాయి. ఆ రంగు దాటి మిషన్ వెలుగు సరిగా పోదు. క్లిప్పు తీసి చెవి తమ్మెకు పెట్టాను. తొంభై ఆరు.

"ఇంకోసారి ఇట్లా ఉత్తపుణ్యానికి పిలిస్తే వార్డుకే," అన్నాడు డాక్టర్. నేనూ తలూపాను. పిల్ల ముఖం చిన్నబోయింది.

"ముందు మనిషిని చూడాల, మిషన్ని తర్వాత," అని మాత్రం చెప్పాను. ఆ రోజు నుంచి తోటి నర్సులు ఆమెను 'ఎనభై రెండూ' అని పిలిచి ఏడిపించడం మొదలుపెట్టారు.

నాలుగో రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో సంగటి తింటుంటే నాకు ఫోన్ వచ్చింది.

"సిస్టర్, తాతకు ఎనభై అయిదు చూపిస్తాండాది."

"ఎవరో క్లిప్పు మళ్లా వేలికి పెట్టుంటారు, చూడు."

"లేదు సిస్టర్, చెవికే ఉండాది."

"చెవిక్కూడా రంగు పూసుకున్యాడేమో లే. తినేసి వస్తాండా."

"తాత మాట్లాడ్డం లేదు సిస్టర్," అని ఫోన్ పెట్టేసింది.

నా ఫోన్ మధ్యలో పెట్టేసిన మొదటి నర్సు ఆ పిల్లే. ఒళ్లు మండింది. మరుక్షణం ఆ మాట బుర్రకెక్కింది. లక్ష్మీనారాయణ మాట్లాడకపోవడమా? ఎంగిలి చేత్తోనే మెట్లెక్కాను.

నేను వెళ్లేసరికి షాహిస్తా అతన్ని లేపి కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెంచి, గొట్టంతో కళ్లె లాగుతోంది. డాక్టర్ అప్పటికే పక్కనున్నాడు. అడ్డుపడిన కళ్లె ముద్ద బయటికొచ్చింది. అంకె మెల్లగా తొంభై దాటింది.

"ఇంకాస్త ఆలస్యమైతే వెంటిలేటర్ పెట్టాల్సొచ్చేది. నన్ను పిలిచిందెవరు?" అన్నాడు డాక్టర్.

నా చేతికి సంగటి ఎండిపోయి ఉంది.

"ఈ పాపే. రంగేలే అని తింటా కూర్చున్యా నేను. ఈమె నా మాట విన్లేదు, మనిషిని చూసింది," అన్నాను. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది.

సాయంత్రం చార్టు తీసి, ఆమె పేరు మీద పెన్ను ఆనించాను. షాహిస్తా పక్కనే బిగుసుకుపోయి నిలబడింది.

"ఊపిరి తీసుకోమ్మే," అన్నాను దిద్దుతూ. "నీ చెవికి గూడా క్లిప్పు పెట్టాల్నా ఏమి?"