కంచె అవతల పుదీనా

జూన్ నెల, రెండో శనివారం. కెనడాలోని గ్వెల్ఫ్, మా ఇంటి పెరడు. హాజరైనవారు: నేను, మా వారు, యూనివర్సిటీలో చదువుతున్న మనవరాలు, పక్కింటి రిటైర్డ్ డాక్టరు గారు, ఆయన భార్య. ఆ రోజు నా డైరీ ఇలా మొదలవుతుంది.

వాళ్ళను భోజనానికి పిలిచింది మా వారు. నేను డాక్టరు గారితో మాట్లాడటం అప్పటికే మానేశాను. చలికాలంలో ఇండియా వెళ్తూ నా కరివేపాకు మొక్కను ఆయనకు అప్పగించాం. గింజ నుంచి పెంచిన మొక్క. మంచు కురిసే నెలల్లో వెలుగు ఏ కిటికీలో పడితే ఆ కిటికీకి మారుస్తూ బతికించుకున్నాను. కరివేపాకుకు పుల్లమజ్జిగ పోస్తే మంచిదని అందరికీ తెలుసు. ఆయన రోజూ తాను తాగగా మిగిలిన మజ్జిగ పోశారు. ఉప్పు వేసుకున్న మజ్జిగ. మేము తిరిగొచ్చేసరికి కుండీలో ఎండుపుల్ల మిగిలింది.

కాస్త బాధపడినా ఊరుకునేదాన్ని. ఆ రోజు ఆయన పుదీనా పచ్చడి వడ్డించుకుంటూ, "పులుసులో కరివేపాకు లేదేంటి అక్కగారూ? ఓ, సారీ! పేషెంట్ మా హాస్పిటల్లోనే పోయాడు కదా!" అని పగలబడి నవ్వారు. మా వారూ నవ్వారు.

"పోస్ట్‌మార్టమ్ నేను చేశాను లెండి. ఉప్పు," అన్నాను.

మాట మార్చడానికి కాబోలు, మనవరాలు పచ్చడి గిన్నె చూపించింది. "అమ్మమ్మా, యూ నో, గ్రీకు కథల్లో పుదీనా ఒక అమ్మాయి. పాతాళం రాజుని లవ్ చేసింది. రాణి కంటే నేనే బ్యూటిఫుల్ అని గొప్పలు చెప్పుకుంది. రాణి కోపంతో కాళ్ళకింద తొక్కేసింది. సో, షి బికేమ్ పుదీనా."

"అయ్యో పాపం," అంది డాక్టరు గారి భార్య.

"రాణి తప్పేముంది?" అన్నాను.

"బట్ రాణి గెలవలేదు అమ్మమ్మా. ఎంత తొక్కితే అంత వాసన. అండ్ ఇట్ స్ప్రెడ్స్ ఎవ్రీవేర్!"

అది నిజం. అందుకే నేను పుదీనాను కుండీ దాటనివ్వను. నేలలో పాతుకుంటే మడి మొత్తం ఆక్రమిస్తుంది. డాక్టరు గారికి తన గులాబీ మడి అంటే ప్రాణం. అందరూ పాయసం తింటుండగా, వేళ్ళున్న కాడలు కొన్ని తీసి, కంచె అవతల ఆ గులాబీల అంచున నాటి వచ్చాను. చేతులు కడుక్కుని టీ పెట్టాను.

మర్నాడు పొద్దున ఆయన కంచె దగ్గరికి వచ్చి పిలిచారు.

"చూశాను అక్కగారూ. నోటితో చెప్పలేక మొక్కతో చెప్పారు. నన్ను క్షమించేశారు."

అంచున ఎండ తగలదని ఆయనే వాటిని తవ్వి గులాబీల మధ్యలోకి మార్చారట. నీళ్ళు కూడా పోశారట.

"మంచి పని చేశారు," అన్నాను.