పాసిర్ రిస్‌లో తిట్ల పోటీ

ఒక వెండి కప్పు కోసం కన్నకూతుర్ని అందరి ముందూ ఏడిపించానని సింగపూర్‌లో మా బుకిట్ పంజాంగ్ తెలుగువాళ్లు చెప్పుకుంటారు. అబద్ధం. అది వెండిది కాదు, ప్లాస్టిక్‌కి రంగు వేసింది. గుండెలో పొడిచినది కూడా మొదట నేను కాదు. ఈ రెండూ సరిచేసుకుంటే, మిగతాది ఎవరెలా చెప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఈ కథ ఊరంతా తిప్పిన ఆవిడ మా పై అంతస్తులో ఉంటుంది. ఆ రోజు అక్కడే నిలబడి ఫోన్లో వీడియో తీసింది. మేం మాట్లాడుకున్న ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదని తనే చెప్పింది. అర్థం కాని గొడవలో కూడా తప్పెవరిదో తేల్చేయగల తెలివి కొందరికి పుట్టుకతోనే వస్తుంది.

నేను తెనాలిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. మా ఆయన బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక నా ఇంగ్లీషు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికన్నా ముందు మా అమ్మాయికి. చిన్న క్లాసుల్లో ఉండగానే నన్ను దిద్దడం మొదలుపెట్టింది. స్కూల్లో టీచర్లను కలవడానికి వెళ్తే, గుమ్మం బయటే నా చెయ్యి పట్టి లాగి, "అమ్మా, నువ్వు మాట్లాడకు. నాన్న మాట్లాడతాడు" అనేది. ఎం.ఏ. చదివిన నేను, ఫైళ్లు తప్ప పుస్తకం ముట్టని మనిషి పక్కన చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని.

పదహారో ఏట అది ఒక గుంపులో చేరింది. నాలుగైదు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు మనుషుల్లా వేషాలు వేసుకుని, ఆ కాలపు ఇంగ్లీషులోనే మాట్లాడుకునే గుంపు. ఈ ఊరి ఉక్కలో వెల్వెట్ గౌన్లు, మెడ చుట్టూ పళ్లెమంత మడతల కాలరు. వాళ్ల పెద్ద ఒక చైనీస్ అకౌంటెంటు, వేషం కడితే డ్యూకు. కనిపించిన మాటకల్లా చివర "ఎత్" తగిలిస్తే పాత ఇంగ్లీషు అయిపోతుందని అందరి నమ్మకం. మొదటి వారమే మా అమ్మాయి నా గది గుమ్మంలో నిలబడి, "అమ్మా, నువ్వు ఇదంతా చదివావు కదా? నేర్పవా?" అంది.

రోజూ భోజనాలయ్యాక నా మంచం మీద నా పక్కన కూర్చునేది. పాత నాటకాల వాక్యాలు పైకి చదివించాను. ఎక్కడ లాగాలో, ఎక్కడ తుంచాలో చూపించాను. ఆ ఇంగ్లీషుకు మన భాషలో దగ్గరి చుట్టం పద్యనాటకాల తెలుగే కాబట్టి, ఇంట్లో దాన్నీ వాడేసేవాళ్లం.

"ఏంటే ఇది, నాటకాల కంపెనీ పెట్టారా? నాకు పెరుగు ఎవరేస్తారు?" అనేవారు ఆయన.

"స్వహస్తములు కలవు కదా, ప్రభూ!" అనేది అమ్మాయి. నవ్వలేక చచ్చేవాళ్లం.

ఆ నెలల్లో అది నన్ను ఒక్కసారీ దిద్దలేదు. మంచం మీద ఆ పక్కచోటు నిండి ఉండడం తప్ప నాకు ఇంకేం అక్కర్లేదు.

ఆ గుంపువాళ్లకు పాసిర్ రిస్ సముద్రం ఒడ్డున ఏటా ఒక జాతర. అందులో తిట్ల పోటీ ఒక ఆచారం. ఇద్దరు ఎదురెదురుగా పీపాలెక్కి పాత ఇంగ్లీషులో తిట్టుకోవాలి. బూతు కూడదు, చెయ్యి తగలకూడదు. ఆ భాష వదిలి మామూలు మాటలోకి ఎవరు జారితే వాళ్లు ఓడినట్టు. మా అమ్మాయి రాకుమారి వేషంలో, వచ్చిన వాళ్లను వచ్చినట్టే దించేసింది. ఇంకెవరైనా ఉన్నారా అని డ్యూకు అడిగితే, అది వేలు నావైపు చూపించింది. "అదిగో నా గురువు. రమ్మనండి!"

నేను అరువు లంగాలో చేపలమ్మి వేషం కట్టి ఉన్నాను. ఎక్కాను. మొదట నా కంపు మీద అది, దాని ముక్కు మీద నేను. జనం పడీ పడీ నవ్వారు. తర్వాత అది అన్న మాటను మన నాటకాల భాషలోకి మారిస్తే ఇలా ఉంటుంది:

"ఓసీ ముసలి చేపలమ్మీ! పట్టణమందలి ప్రతి వాకిటను నిలిచి నీ విద్యను అమ్మజూపితివి. ఒక్కరును కొనరైరి. తుదకు నీ మగడే జాలిపడి, కూర్చుండబెట్టి కూడు పెట్టుచున్నాడు."

జనం ఈలలు వేశారు. వాళ్లకది చేపల సంగతి. అంతకుముందు ఏడాదంతా నేను ట్యూషన్ సెంటర్ల చుట్టూ తిరిగాను. పాఠం చెప్పించుకుని విని, మీ యాస తల్లిదండ్రులకు నచ్చదండీ అని పంపేశారు. ఆ సంగతి ఆయనొక్కరికే, వంటింట్లో చెప్పుకున్నాను.

చేపల మీద ఇంకా బోలెడు తిట్లు నా దగ్గరున్నాయి. వాటిని పక్కన పెట్టాను. అంతకు కొన్ని వారాల ముందు, స్కూలు దగ్గరి హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య, మా అమ్మాయిని చూశాను. ఎదుటి కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసింది, అంటే ఇక్కడి పద్ధతిలో సీటు ఆపింది, స్నేహితురాలి కోసం అన్నట్టు. ఎవరూ రాలేదు. ఒక్కతే నూడుల్స్ తిని, ప్యాకెట్ బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

"ఓసీ రాకుమారీ! ఎవ్వరును రాని పీఠమునకు గుడ్డముక్క కప్పి కావలి కాయుదువు. ఒంటరిగా భుజించి, ఆ గుడ్డను మడిచికొని పోదువు. బడిలో నిన్ను చేరనిచ్చువారు లేకనే కదా, ఈ అద్దె గౌనులవారిని చెలులనుకొనుచున్నావు? వీరును నీ కొరకు రాలేదు. నేను నేర్పిన తిట్లు వినవచ్చిరి."

ఇంకా పెద్ద ఈలలు. "అమ్మా, స్టాప్ లా. ప్లీజ్" అంది.

భాష వదిలింది. డ్యూకు గంట కొట్టి నా చెయ్యి పైకెత్తాడు. కప్పు ఇచ్చాడు.

"ఏంటండీ, పిల్ల ఏడుస్తోంది?" అంది పై అంతస్తావిడ.

"ఓడిపోయిందండీ" అన్నాను.

రైల్లో దారంతా అది కిటికీలోకి చూస్తూ కూర్చుంది. ఆ గుంపులోకి మళ్లీ వెళ్లలేదు. నా మంచం దగ్గరకూ రాలేదు. ఇప్పుడు నాతో మర్యాదగా మాట్లాడుతుంది, హోటల్లో వడ్డించేవాళ్లు మాట్లాడినట్టు. నేను తప్పు పలికినా దిద్దదు. ముఖం పక్కకు తిప్పుకుని ఓపిక పడుతుంది.

సారీ చెప్పమంటారు అందరూ. దేనికి? అది నా నిజం చెప్పింది, నేను దాని నిజం చెప్పాను. నాది బాగా కుదిరింది.

ఆయన్ను మాత్రం నిలదీశాను. "ట్యూషన్ల సంగతి దానికి మీరే చెప్పారు కదూ?"

"నేనెందుకు చెప్తానే? వంటింట్లో అంత గట్టిగా ఏడ్చింది నువ్వు" అని టీవీ సౌండ్ పెంచారు.

అయితే విన్నదనే అనుకుందాం. విన్న రోజున ఒక్క మాట మాట్లాడకుండా, ఆ సంగతి అన్నాళ్లు లోపల దాచుకుని, నేను నేర్పిన భాషలోనే, అంతమంది ముందు ఎందుకు తీసింది?