ఎనిమిదో ట్యాపెట్ మీది మచ్చ

1958లో మేం గుంటూరులో ఉండేవాళ్ళం. మిరపకాయల కొట్లున్న వీధిలో మా ఆయనకి చిన్న షాపు ఉండేది. ముందు గదిలో గ్రైండింగ్ మిషను, పెరట్లో కొలిమి, మధ్య గదిలో మా కాపురం. నాకు రాయడం అలవాటు లేదు. మా ఊళ్ళో బడి నాలుగో తరగతి దాకానే, అదీ నేను సగంలో మానేశాను. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. ఈ పని చేసేవాళ్ళు ఇప్పుడు దాదాపు లేరు, తెలుసుకోవాలని ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు పని సంగతి చెప్తాను. కారు ఇంజనులో క్యాంషాఫ్ట్ అని ఒక కడ్డీ తిరుగుతుంటుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో బుడిపెలుంటాయి. ఒక్కో బుడిపె మీద ఒక్కో ట్యాపెట్ నిలబడుతుంది. ట్యాపెట్ అంటే తిరగేసిన కుక్కగొడుగులాంటి ఉక్కు ముక్క. బుడిపె పైకొచ్చినప్పుడల్లా అది లేచి వాల్వుని తెరుస్తుంది. ఏళ్ళ తరబడి రాసుకుని దాని అడుగు గుంటలు పడిపోతుంది. ఇంజను టకటకమంటుంది, బండి లాగదు. రెండో ప్రపంచ యుద్ధం ముందు నాటి కార్లకి కొత్త ట్యాపెట్లు దొరికేవి కావు. అందుకని ఉన్నవాటి అడుగే సానరాయి మీద పట్టి, గుంటలు పోగొట్టి, మళ్ళీ వాడుకునేవాళ్ళు.

వినడానికి తేలిక. కానీ ఆ ఉక్కుకి పైన జామకాయ తొక్కలాగా పల్చటి గట్టి పొర ఉంటుంది. దాన్ని హార్డ్‌నింగ్ అంటారు. లోపలంతా మెత్తన. రాయి మీద కొంచెం ఎక్కువ పడితే పొర పోయి మెత్తటి ఉక్కు బయటపడుతుంది. అలాంటిది ఇంజనులో పెడితే కొన్నాళ్ళకే పొడి రాలి, కింద ఉన్న క్యాంషాఫ్టుని కూడా తినేస్తుంది. క్యాంషాఫ్ట్ పోయిన పాత కారు ఇక ఇనప సామాన్ల కొట్టుకే.

ఈ పనిలో మా ఆయనకి మంచి పేరు. ఒంగోలు నుంచి, నరసరావుపేట నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆ పేరు మీదే మా ఇద్దరి తిండి. అలాంటి మనిషికి కళ్ళు మసక పడ్డాయి. పెద్దాసుపత్రికెళ్తే శుక్లాలన్నారు, ఇంకా పండలేదన్నారు, పండాక వస్తే తీస్తామన్నారు. ఆ రోజుల్లో అంతే, పండిందాకా ముట్టుకునేవాళ్ళు కాదు. ఎప్పటికి పండుతాయో ఎవరూ చెప్పలేదు. మేస్త్రీకి చూపు లేదని వీధిలో తెలిస్తే ఒక్కరన్నా షాపు గుమ్మం ఎక్కుతారా? అందుకని ఎవరికీ చెప్పలేదు.

చేతికి పని వచ్చు, చెవికీ వచ్చు. రాయి చప్పుడుని బట్టి ఎంత తెగుతుందో ఆయనకి తెలిసిపోయేది. కొలతలు, మెరుపు మాత్రం నేను చూసేదాన్ని. మా పుట్టింటిది సత్తెనపల్లి పక్కన మిరప చేను. చిన్నప్పట్నుంచీ కళ్ళంలో కూచుని కాయలు ఏరినదాన్ని. తెల్లబారిన తాలు కాయ, రంగు తగ్గిన కాయ నా కంటికి ఇట్టే దొరికేవి. సానపట్టిన ఉక్కు కూడా అంతే, గట్టి పొర ఉన్నంత మేరా ఒకటే తెల్లటి మెరుపు. జనం సామాను ఇచ్చేసి వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళాక తలుపు దగ్గరికేసుకుని ఇద్దరం చేసుకునేవాళ్ళం.

అలా నడుస్తుండగా కోటయ్య వచ్చాడు. ఒంగోలులో టాక్సీ తోలేవాడు. పాత అమెరికా కారు, అదొక్కటే అతనికి ఆధారం. మిరపకాయల సీజను, వీధంతా ఘాటు. తుమ్ముకుంటూ లోపలికొచ్చి గుడ్డ సంచీలోంచి ఎనిమిది ట్యాపెట్లు బల్ల మీద పెట్టాడు. పెట్టి స్టూలు లాక్కుని మిషను పక్కనే కూచున్నాడు.

"సాయంత్రం రా కోటయ్యా, ఇస్తాను" అన్నాడు మా ఆయన.

"కదలను మేస్త్రీ. పోయినసారి బుద్ధి తక్కువై ఇంకోచోట ఇచ్చాను. రాయి మీద రుద్ది రుద్ది తినేశారు. ఈసారి నా కళ్ళ ముందే చెయ్యాలి."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నా అదృష్టం మీదే లేదు."

నేను మధ్య గది గుమ్మంలో ఉన్నాను. నాకు భయమేసింది. మా ఆయన మాత్రం మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "ఇదిగో, కిరసనాయిలు తీసుకురా. నేను చేసినవి కడుగుదువుగాని" అని నన్ను పిలిచాడు. కడిగే వంకన నేను చూడాలని. అర్థమైంది.

ఒక్కో ట్యాపెట్టే బిగించి రాయికి ఆనించాడు. దీని అడుగు మరీ బల్లపరుపుగా ఉండకూడదు, కంటికి ఆననంత బొజ్జ ఉండాలి. అప్పుడే అది ఇంజనులో తిరుగుతూ సమంగా అరుగుతుంది. ఆ బొజ్జ మా ఆయన బొటనవేలికి తెలుసు. అయింది అయినట్టు నా పళ్ళెంలో వేశాడు. నేను కడిగి, వెలుతురుకి తిప్పి చూసి, గుడ్డ మీద పెట్టాను.

"కొలత చూడవా మేస్త్రీ?" అన్నాడు కోటయ్య.

మా ఆయన మైక్రోమీటర్ తీసుకున్నాడు. వెంట్రుక మందం కూడా కొలిచే పనిముట్టు అది. ట్యాపెట్ దాని మధ్యన పెట్టి కంటి దగ్గర పట్టుకున్నాడు. అది సరిగ్గా బిగియనే లేదు, నాకు కనపడుతూనే ఉంది.

"ఎంతుంది?"

"ఉండాల్సినంత ఉంది. నువ్వు కారు తోలేటప్పుడు నేను పక్కన కూచుని గేరు ఎందుకు మార్చావని అడిగానా?"

కోటయ్య నవ్వి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఏడూ బాగానే వచ్చాయి. ఎనిమిదోదానికి గుంట లోతుగా ఉంది. ఎక్కువసేపు పట్టాల్సొచ్చింది. పళ్ళెంలో పడ్డాక కడిగి తిప్పాను. ఆ తెల్లటి మెరుపులో ఒక పక్కన పెసరగింజంత మచ్చ. మెరుస్తోంది గానీ జిడ్డుగా, వేరే రంగులో మెరుస్తోంది. పొర పోయింది.

దాన్ని గుడ్డ మీద పెట్టేస్తే కోటయ్య మూట కట్టుకుని వెళ్ళిపోతాడు. మా గుట్టు మాకుంటుంది. కొన్నాళ్ళకి అతని ఇంజను పోతుంది. నోరు తెరిస్తే షాపు పోతుంది. గుడ్డ మీద పెట్టబోయి ఆగాను.

"ఏవండీ, దీనికి పొర పోయింది" అన్నాను.

మిషను ఆగింది. "నీకేం తెలుసు. లోపలికెళ్ళు" అన్నాడు మా ఆయన. పరాయి మనిషి ముందు ఆయన నన్నెప్పుడూ అలా అనలేదు.

నేను వెళ్ళలేదు. బల్ల మీద ఇనుము అరగదీసే ఆకురాయి ఉంటే తీసుకుని ముందు ఏడోదాని అంచు మీద గీశాను. గాజు మీద గీసినట్టు జారిపోయింది. ఎనిమిదోదాని మచ్చ మీద గీశాను. కర్రుమని పట్టుకుంది. ఆ చప్పుడు వినగానే మా ఆయన మొహం మారిపోయింది. మెత్తటి ఉక్కు చప్పుడు ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ట్యాపెట్ కోసం చెయ్యి చాపాడు. చెయ్యి నా చేతికి జానెడు ఎడంగా వెళ్ళి గాల్లో తడుముకుంది.

అది కోటయ్య చూశాడు. లేచొచ్చి మా ఆయన మొహం ముందు చెయ్యెత్తాడు.

"మేస్త్రీ, ఇవెన్ని?"

"వేళ్ళు చూపిస్తున్నావని తెలుస్తోంది. ఎన్నో తెలీట్లేదు."

కోటయ్య చెయ్యి దించాడు. తర్వాత అరిచాడు. "పొట్టకూటి బండయ్యా అది. చూపు లేకుండా ఎట్లా చేతిలోకి తీసుకున్నావు?" అని ట్యాపెట్లన్నీ సంచీలో వేసుకోబోయాడు.

"ఏడింటికీ ఏం ఢోకా లేదు అన్నయ్యా. నేను చూశాను" అన్నాను. "ఎనిమిదోది ఇలాగే తీసుకెళ్తే నీ క్యాంషాఫ్ట్ పోతుంది. దానికి మళ్ళీ పొర పట్టిస్తాం."

"ఎవరు? నువ్వా?"

"ఇద్దరం."

పడేసి వెళ్దామన్నా అతనికి ఇంకో ట్యాపెట్ ఎక్కడా దొరకదు. కోపంగానే పెరట్లోకి వచ్చి, "తిత్తి నేను ఊదుతా. నా ముందే జరగాలి" అన్నాడు.

ఎముకల బొగ్గు పొడిలో ట్యాపెట్‌ని పాతి, ఇనప డబ్బా మూత మట్టితో మూసి కొలిమిలో పెట్టాం. గంటల తరబడి ఎర్రగా కాలుతుంటే ఆ పొడిలోని సారం ఉక్కు పైకెక్కుతుంది.

"ఇదేం కంపు మేస్త్రీ? శనివారం పూట నేను గుడ్డు కూడా ముట్టను."

"నిన్ను తినమన్లేదుగా. ఊదు."

డబ్బా చల్లారాక ట్యాపెట్ బయటికి తీసి, ఒంటిగా మళ్ళీ నిప్పుల్లో పెట్టాలి. అసలు కష్టం ఇక్కడే. సరైన రంగు వచ్చినప్పుడు తీసి నూనెలో ముంచాలి. ముందే ముంచితే మెత్తగానే ఉంటుంది. ఎక్కువ కాలితే పగిలిపోతుంది. ఆ రంగు చూడాల్సింది నేను. అంతకుముందెప్పుడూ చూసింది కాదు. గోనెసంచి అడ్డం కట్టి నీడ చేసుకున్నాం. మా ఆయన పట్టకారుతో నిలబడ్డాడు.

"ఏ రంగుంది?"

ఎలా చెప్పాలో తెలీక నాకు తెలిసిన మాటే అన్నాను. "ఎండుమిరపకాయ. నిరుటిది, నల్లబడింది."

"ఊదు కోటయ్యా. ఇప్పుడు?"

"కొత్త ఎండుకాయ."

"ఊదు."

"పండుకాయ అవుతోంది. ముచ్చిక పక్కన ఇంకా నల్లగా ఉంది."

"అంతా ఒకటి కానీ. దొండపండు దాకా పోనివ్వకు, పగులుద్ది."

కోటయ్య తిత్తి ఊదుతూ నా మొహం వంకే చూస్తున్నాడు. పొగకి నా కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుంటే ఆ క్షణం పోతుందేమోనని తుడుచుకోలేదు. నల్లదనం కరిగి, చెట్టు మీది పండు మిరపకాయలాగా మొత్తం ఒకటే ఎరుపైంది.

"తియ్యండి. ఇంకొంచెం కుడివైపుకి."

పట్టుకుని నూనెలో ముంచాడు. చుయ్యిమంది. మా ఆయన చెవి ఒగ్గి విన్నాడు. పగిలితే టిక్కుమని చప్పుడొస్తుంది. రాలేదు.

చల్లారాక, అడుగు ఒక్కసారి రాయికి తగిలించి నున్నగా చేశాడు. కోటయ్యే ఆకురాయి తీసుకుని ఎనిమిదింటి మీదా గీసి చూసుకున్నాడు. అన్నిటి మీదా జారింది. మూట కట్టుకున్నాడు.

"ఈ సంగతి మా టాక్సీ స్టాండులో చెప్తాను మేస్త్రీ. దాచిపెట్టమంటే నా వల్ల కాదు."

"చెప్పు" అన్నాడు మా ఆయన.

చెప్పాడు. రోజూ వచ్చే మిల్లు ఫిట్టరు రావడం మానేశాడు. ఇద్దరు ముగ్గురు ఇచ్చిన సామాను వెనక్కి తీసుకెళ్ళారు. మిషను తిరగని రోజులు వచ్చాయి. ఆయన అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆ తర్వాత ఒక లారీ అతను వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "రంగు చూసే ఆవిడ ఎవరండీ? ఆవిడుంటేనే ఇస్తాను" అన్నాడు. కోటయ్య మచ్చ సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోలేదన్నమాట, అంతా చెప్పాడు. పోయినవాళ్ళందరూ తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళతో గడిచిపోయింది.

అప్పట్నుంచి పని తీసుకునే ముందే మా ఆయన చెప్పేవాడు. "నాకు చూపు ఆనదు. ఈవిడ చూస్తుంది. ఇష్టమైతే ఇవ్వండి." ప్రతి ముక్కనీ వాళ్ళ ముందే ఆకురాయితో గీసి, చప్పుడు వినమని నేను చెప్పేదాన్ని. నేర్చుకున్నది అదే. పాడైంది ఉంటే ఇచ్చినవాడి ముందే చెప్పేయాలి, చెప్పడానికి భయమేసినా సరే. ఆ భయం ఎన్నేళ్ళు చేసినా నాకు పోలేదు.

తర్వాత శుక్లాలు పండాయి, తీశారు. మందపాటి కళ్ళజోడు పెట్టుకుని షాపులో కూచున్న మొదటి రోజు, ఆయన ఒక ట్యాపెట్ సానపట్టి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఇక నాతో పనేముందిలే అని నేను లోపలికి వెళ్ళబోయాను.

"ఎక్కడికి? నేను చూశాను. నువ్వూ చూడు" అని నా చేతిలో పెట్టాడు.