పెద్దమ్మకు వినపడిన ప్రార్థన

నా చిన్నప్పుడు మా ఊళ్ళో శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. మాది ఆదోని దగ్గర పల్లె. ఆడవాళ్ళంతా పత్తి చేలనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కొంగు నెత్తిన కప్పుకుని చాపల మీద కూర్చునేవారు. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించాలి, తక్కినవాళ్ళు ఆమేన్ అనాలి. అదీ పద్ధతి.

ఆ ఏడు మా అమ్మకూ, పక్కింట్లో ఉండే పెద్దమ్మకూ బోరింగు దగ్గర బిందెల వరుస మీద మాటా మాటా పెరిగింది. పెద్దమ్మ అంటే మా నాన్నకు వదిన. ఇద్దరూ మాటలు మానేశారు గానీ కూడిక మానలేదు. ఒకరితో ఒకరు అనాల్సినవన్నీ దేవుడితో అనడం మొదలుపెట్టారు.

మా అమ్మ కళ్ళు మూసుకుని, "ప్రభువా, మిడిసిపడేటోళ్లను నువ్వే వంచు తండ్రీ" అనేది. పెద్దమ్మ వంతు రాగానే, "తండ్రీ, పైకి భక్తి, లోపల విషం ఉండేటోళ్ల నుంచి నన్ను కాపాడు" అనేది. ఎవరి గురించో అందరికీ తెలుసు. ఎవరికి ఆమేన్ అంటే ఎవరికి కోపమో తెలియక మధ్యలో కూర్చున్నవాళ్ళు గొణిగి ఊరుకునేవారు. పిల్లలం నవ్వు ఆపుకోలేక తలలు వంచుకునేవాళ్ళం.

ఒకనాడు ఇంటికి వచ్చాక, మా నాన్నను కన్న తల్లి, మా జేజి, అమ్మను అడిగింది. "దేవునికి సెవుడేమన్నా వచ్చిండాదేమే? పక్కింటికి ఇనపడేట్ల అరస్తాండావు."

"నా కడుపుమంట దేవునికి సెప్పుకోగూడదా అత్తా?" అని అమ్మ మూతి తిప్పుకుంది.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ కూతురు, మా అక్క, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్క బతికింది. బిడ్డ దక్కలేదు.

కబురు తెలియగానే అమ్మ జొన్నరొట్టెలు మూటగట్టుకుని, నన్నూ జేజినీ వెంటబెట్టుకుని బస్సెక్కింది. పెద్దమ్మ ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అమ్మను చూసి ఏడవలేదు, కేక వేయలేదు.

"నన్ను వంచమని అడిగితివి గదా. వంచినాడు. సాలా?"

అమ్మ చేతిలో మూట చేతిలోనే ఉండిపోయింది. "అక్కా, నేను ఇట్ల కావాలని అడగలేదక్కా."

"మరి ఏం అడిగితివి?"

అమ్మను జేజి మెట్ల పక్కకు తీసుకుపోయింది. నేను అమ్మ కొంగు పట్టుకునే ఉన్నాను.

"దేవుడు నీ పగ తీర్చే కూలోడు కాదే. నీ మాటకు పసిబిడ్డను సంపడు. అయితే నువ్వు అడిగింది ఆయన్ని గాదు. ఆయమ్మ ఇనాలని అడిగితివి, ఆయమ్మ ఇనింది. ఇంగ ఆ మాట యాడికీ పోదు."

"ఇప్పుడు ఏమని ప్రార్థన సేయాల అత్తా?" అని అమ్మ అడిగింది.

"నోరు తర్వాత తెరుద్దువులే. ముందు పోయి ఆ పిల్ల కాళ్లు పట్టు."

చీకటి పడేదాకా అమ్మ మంచం దగ్గర మా అక్క కాళ్ళు ఒత్తుతూ కూర్చుంది. పెద్దమ్మ వద్దనలేదు, రమ్మనలేదు. రొట్టెలు ఎవరూ ముట్టలేదు.

మరుసటి కూడికలో అమ్మ వంతు వచ్చింది. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ఎప్పుడు ఆమేన్ అనాలో ఎవరికీ తెలియలేదు. పెద్దమ్మ ఆ రోజు రాలేదు. ఏళ్ళు గడిచాక ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు, పండగలకు వంటల గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నారు. కానీ మా అమ్మ పక్కన కూర్చుని కళ్ళు మూసుకోవడానికి మాత్రం పెద్దమ్మకు చివరిదాకా మనసు రాలేదు.

ఇప్పుడు నేనూ జేజినయ్యాను. ఇంట్లో కోపతాపాలు నాకూ ఉన్నాయి. మోకాళ్ళూనిన ప్రతిసారీ, ఈ మాట ఎవరి చెవిన పడాలని అంటున్నానో ముందు నన్ను నేను అడుగుతాను. దేవుడి చెవిన కాదని తెలిసిన రోజున ఒక్క మాటా అనకుండా లేచి, ఎవరి మీద కోపమో వాళ్ళకు అన్నం పెట్టడానికి పోతాను. అదేమంత తేలిక కాదు. ఇప్పటికీ కాదు.