పొట్ట మడతల గడ్డ

మొన్న నల్లగొండల నా పొట్ట సగం పోవాల్సింది. పోలేదు, చూస్తున్నరు గద. ఎట్ల మిగిలిందో చెప్త, జర దగ్గరికి జరుగుండ్రి.

ఒకప్పుడు నేనెంత లావుండేదాన్నో మీకెరుకే. నేను బండి ఎక్కనీకొస్తున్ననంటె ఎడ్లు ముందుగాలే పండుకునేటియి. మా గొర్ల మందంత ఎండకాలం నా నీడకే నిలవడేది. మోకాళ్లు నొస్తున్నయంటె హకీము "బెల్లం, నెయ్యి బంద్ జెయ్యి" అన్నడు. మా కోడలు ఎల్లవ్వ ఆ మాట గట్టిగ పట్టుకున్నది. బెల్లం కుండను ఏకంగ తన తల్లిగారింటికి పంపింది. ఏడాది తిరిగేసరికి నేను సగమైన.

కొవ్వు పోయింది గని తోలు పోలే. పొట్ట మీది తోలు మోకాళ్ల దాక దిగింది. చెయ్యి ఊపితే రెట్ట తోలు గాలికి ఇంట్ల దీపం ఆరిపోయేది. అది నవ్వులాటే గని, మడతల సందుల చెమట పొక్కులు మాత్రం మంట పెట్టేటియి. ఎల్లవ్వ వేపాకు నూరి ఇచ్చేది, నేను రాసుకునేదాన్ని.

"అత్తా, నల్లగొండకు విలాయత్ చదివిన డాక్టర్ వచ్చిండట. ఎక్కువున్న తోలు కోసి కుడతడట," అన్నది ఎల్లవ్వ ఒకనాడు.

"నేనేమన్న గొంగడినా, కత్తిరిచ్చి కుట్టనీకి?"

"జర చూపిచ్చుకొనొద్దాం."

పోయినం. డాక్టర్ నన్ను టేబుల్ మీద పండబెట్టి, పొట్ట మీద నీలి సిరాతోని గీతలు గీసిండు. మా ఊరి పట్వారి గూడ గంత సక్కగ హద్దులు గియ్యడు. గీసి గీసి, కింది మడత ఒత్తిండు. ఆగిండు. మళ్ల ఒత్తిండు.

"అవ్వా, ఇక్కడ గడ్డ ఉన్నది."

ఉన్నదని నాకెరుకే. అంగడిల కొన్న బెల్లం గడ్డ. ఎల్లవ్వ ఇల్లంత దేవులాడుతది గని నా మడతల దేవులాడదు గద, గుడ్డల చుట్టి అండ్ల పెట్టుకున్న. ఎల్లవ్వ పక్కనే నిలవడ్డది. చెప్తే బెల్లం పోతది, చెప్పకపోతే పొట్ట పోతది. ఎటూ తేల్చుకోలేకపోయిన.

"ఎప్పటిసంది ఉన్నదవ్వా?"

"మొన్న అంగడి కాన్నుంచి."

"నొస్తదా?"

"నొయ్యదు. జర జిగటగుంటది."

"పెరుగుతాందా?"

"లేదు సాబు, దినాం తరుగుతాంది."

డాక్టర్ మొఖం మారింది. "ఇసుంటిది విలాయత్‌ల గూడ చూడలే. ఇయ్యాల్నే కొయ్యాలె," అని నర్సమ్మను మత్తుమందు తెమ్మన్నడు.

ఎల్లవ్వ నా కాళ్లు పట్టుకొని ఏడ్సుడు షురూ జేసింది. తెల్లారితే నా మీద గుర్రుమనే మనిషి. "సమ్మక్క తల్లీ, మా అత్తను బతికియ్యి. ఆమె ఎత్తు బెల్లం తూకమేసి నీకిస్త. మిగిలిన ప్రసాదం ఆమె కడుపునిండ తింటాంటె ఒక్క మాట అనను."

ఇగ చెప్పొచ్చు అనుకున్న. నేను నోరు తెరిచేలోపే నర్సమ్మ అడిగింది, "సార్, ఈ చీమలేంది?"

టేబుల్ కాలు పట్టుకొని బారు కట్టినయి. జిల్లా చీమలన్ని వచ్చినయి, సూర్యాపేటయి ఇంక తొవ్వల ఉన్నయి. అన్ని నా కింది మడతల్నే దూరుతున్నయి.

"గడ్డనే సాబు," అన్న. "బెల్లం గడ్డ." తీసి ఆయన చేతిల పెట్టిన.

నర్సమ్మ గోడ దిక్కు తిరిగి నవ్వింది. డాక్టర్ నవ్వలే. "గీతలెట్లాగు గీసిన. తోలన్న కోస్త, ఒంటికి హాయిగుంటది," అన్నడు.

లేచి కూసున్న. "కొయ్యద్దు సాబు. లావుంటె లావున్నవన్నరు, సన్నగైతే వేలాడుతున్నవంటున్నరు. నా తోలు నా మీదనే వేలాడుతాంది, మంది మీద గాదు. పొక్కులకు దవా ఇయ్యి, చాలు. అయినా మా కోడలు నా ఎత్తు బెల్లం మొక్కింది. ఇప్పుడు తోలు కోయిచ్చుకుంటె తూకం తగ్గదా?"

"గడ్డే లేనప్పుడు మొక్కెక్కడిది అత్తా?" అని ఎల్లవ్వ కండ్లు తుడుసుకుంట గుర్రుమన్నది.

"తల్లికిచ్చిన మాట. రద్దు జెయ్యనీకి నువ్వెవరు, నేనెవరు?"

ఎల్లవ్వ మాట తప్పే మనిషి గాదు. నిన్న షావుకారి దుకాణంల పెద్ద త్రాసు కట్టిపిచ్చింది. షావుకారి పాపం, తూకం రాళ్లు రెండు కనవడక దుకాణమంత తిరగేస్తుండు. నేను తోలంత సర్దుకొని, ఒక్క మడత బయట పడకుంట దొరసానిలెక్క త్రాసుల కూసున్న. అటు దిక్కు బెల్లం దిమ్మెలు ఒకటెనక ఒకటి పడుతున్నయి. నేను మాత్రం భూమి ఇడుస్తలేను.

ఎల్లవ్వ బెల్లం దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. నా దగ్గరికొచ్చి, మంది ముంగట్నే కింది మడతల చెయ్యి పెట్టింది.

విలాయత్ చదివినాయనకు దొరికింది ఒక్క గడ్డ. మా ఎల్లవ్వకు రెండు దొరికినయి.